వేపాకు తేలిన అంబలి

ఆకాశం నుంచి ఆహారం దిగిరావడం నేను కళ్ళారా చూశాను. రాగి అంబలి రూపంలో దిగింది. పలచని మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు, పైన ఒక వేపాకు రెమ్మతో సహా దిగింది. ఐదు వందల మంది కడుపారా తాగారు. ఇంకా గంపలకొద్దీ మిగిలింది.

సరే, ఐదు వందలు కాదు. ఆ పూట మా ప్రార్థన గదిలో నలభై మంది ఉంటే ఎక్కువ. మిగలడం కూడా అబద్ధమే. అంబలి గంపల్లో మిగలదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా సంఘ పెద్దగారి కొడుకు చెయ్యి మోచేతి దాకా కుండలో పెట్టి అడుగు నాకాడు. ఆకాశం నుంచి రావడం సంగతి అంటారా, అది పక్కనున్న జాలర్ల పల్లె పట్టపుపాళెం నుంచి ఒక ముసలామె నెత్తి మీద వచ్చింది. అయినా మొదటి మాట వెనక్కి తీసుకోను. ఆ తర్వాత మా సంఘంలో జరిగిన భాగోతం వింటే మీరే ఒప్పుకుంటారు.

ముత్తుకూరుకు తూర్పుగా, కాలువ దాటి, ఉప్పు మళ్ళ గట్ల మీద మా పేట ఉండేది. పేటంతా ఏసుప్రభువు బిడ్డలం. అరవయ్యో దశకం మొదట్లో నేను అక్కడ ఒంటరి పంతుల్ని. బడీ గుడీ ఒకే గది. వారమంతా నేను బెత్తం పెట్టుకునే బల్ల మీదే ఆదివారం తెల్లగుడ్డ పరిస్తే అది ప్రభువు బల్ల అయ్యేది. గుడ్డ కింద సిరా మరకలు, పిల్లలు మేకుతో చెక్కిన బొమ్మలు, వాటిలో నాదొకటి, గాడిద చెవులతో. దాని మీద నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పెట్టి, నెల్లూరు నుంచి వచ్చే పాస్టరు గారు పంచేవారు. ఆ ముక్క అందుకోవడాన్నే మా వాళ్ళు ‘బల్లలో చెయ్యి పెట్టడం’ అనేవారు. తప్పు చేసినవాళ్ళను ‘బల్లకు దూరం’ పెట్టేవారు. ఊరి చెరువులో నీళ్ళు తాగనివ్వకపోయినా ఓర్చుకున్న జనం, బల్లకు దూరం పెడితే మాత్రం ఓర్చుకోలేకపోయేవాళ్ళు.

ఆ ఏడు కార్తీకంలో గాలివాన వచ్చింది. కోతకొచ్చిన వరి నీళ్ళపాలైంది. సముద్రం ఉప్పు మళ్ళలోకి వచ్చి బురద నింపి పోయింది. వేసవి వచ్చినా మళ్ళలో పని లేదు. పనిలేని చోట కూలి లేదు, కూలి లేని చోట పొయ్యి లేదు. జనం తాటి తేగలు, పీతలు, గట్ల మీది ఆకూ అలమా తిని రోజులు నెట్టారు. నా జీతం కూడా నెల్లూరులో ఎవరి బల్ల సొరుగులోనో నిద్రపోతూ ఉండేది.

అప్పుడు మా సంఘ పెద్దకు దర్శనం కలిగింది. ఆయన ఉప్పు కాంట్రాక్టరు దగ్గర గుమాస్తా. పేటలో పెంకుటిల్లు ఆయనదొక్కటే, బియ్యపు బానలో అడుగు కనపడనిదీ ఆయనింట్లోనే. ఆదివారం లేచి నిలబడి, గొంతు వణికించి ప్రకటించాడు:

“ప్రియులారా, దేవుడు మనల్ని పరీక్ష చేస్తాండాడు. రేపటి నుంచి మూడు దినాలు ఉపవాస ప్రార్థన.”

తిండి లేక చస్తున్నవాళ్ళకు ఉపవాసం! ఆ మాట విని నవ్విన మొదటి మనిషిని నేనే. రెండో మనిషి వెనక వరుసలో కూర్చున్న అవ్వ.

“ఉపాసం ఇంకా మొదులే పెట్టలేదా?” అందామె. “నేను సంకురాత్రి నించి అదే గదబ్బా చేస్తా ఉండేది.”

ఆమెను పేటంతా అవ్వ అనే పిలిచేది. పట్టపుపాళెం ఆడవాళ్ళ దగ్గర ఎండుచేపలు తీసుకుని గంప నెత్తిన పెట్టుకుని పల్లెపల్లెకూ తిరిగి అమ్మేది. ఆమె వచ్చే ముందు వాసన వచ్చేది, వాసన కంటే ముందు నోరు వచ్చేది. పుణ్యాత్మురాలని అనుకోకండి. ముక్కుపొడుం పీల్చేది, తూకంలో మోసం చేసేది, తోడికోడలితో పెళ్ళినాటి నుంచీ మాటల్లేవు. ఎందుకు లేవో ఇద్దరికీ గుర్తులేదు. ఆ తోడికోడలు ఎప్పుడూ మొదటి వరుసలో కూర్చునేది. బల్ల పంచే రోజున రొట్టెముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకోవలసిన చోట వెనక్కి తిరిగి అవ్వ కూడా తీసుకుందా లేదా అని చూసేది.

ఉపవాస ప్రార్థన మొదలైంది. దేవుడు ఆకాశం నుంచి కురిపించిన మన్నా అనే ఆహారం గురించి సంఘ పెద్ద చెప్పాడు. ఎడారిలో తెల్లారేసరికి నేల మీద మంచులాగా పడి ఉండేదట. ప్రవక్తకు కాకులు రొట్టె మోసుకొచ్చాయని చెప్పాడు. చెబుతూ మధ్యమధ్య త్రేన్చేవాడు. ఆయన ఉపవాసం తెల్లారక ముందే ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి విరిగేదని పేటకంతా తెలుసు. వాళ్ళ పెరట్లో గంజి వాసన మా గోడ దాటి వచ్చేది. ఆకలిగా ఉన్నవాడి ముక్కు ముందు రహస్యం దాగదు.

మూడో రోజు మధ్యాహ్నానికి గదిలో పాటలు ఆగిపోయాయి. గొంతులో తడి ఉంటే కదా పాట! పిల్లలు ఏడవడం కూడా మానేశారు. ఆ నిశ్శబ్దంలో సముద్రం వైపు నుంచి డప్పులు వినిపించాయి. పట్టపుపాళెంలో గంగమ్మకు అంబలి పోస్తున్నారు. ఏటా ఎండలు ముదిరాక పోస్తారు. సంఘ పెద్ద గొంతు పెంచాడు. డప్పు కూడా పెంచింది.

ఇంతలో గుమ్మంలో నీడ పడింది. అవ్వ. నెత్తిన చుట్టకుదురు, దాని మీద పెద్ద కుండ. కుండ మెడకు పసుపు, కుంకుమ బొట్లు.

“ఎవురన్నా కుండ దించండబ్బా, మెడ ఇరిగిపోతాంది,” అంది.

ఎవరూ ‘ఇదేంటి’ అని అడగలేదు. ఎవరూ ‘ఎక్కడిది’ అని అడగలేదు. డప్పులు చెవుల్లో మోగుతున్నాయి, పసుపు కళ్ళ ముందు మెరుస్తోంది. అయినా నలభై మందిలో ఒక్క నోరు ఆ ప్రశ్న వెయ్యలేదు. అంత క్రమశిక్షణ మా సంఘంలో అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు. సంఘ పెద్ద ‘ఆమేన్’ అన్నాడు. ఆయన ప్రార్థన అంత పొట్టిగా ముగియడం చరిత్రలో అదే.

ఆయన భార్య లేచి, ఎవరి ముఖమూ చూడకుండా, పైటచెంగుతో కుండ మెడకున్న పసుపు కుంకాలు తుడిచేసింది. అంతే, కుండ క్రైస్తవ కుండ అయిపోయింది. లోటాలు, కొబ్బరి చిప్పలు, పలకలు తుడుచుకునే నీళ్ళ డబ్బా, ఏది దొరికితే అది పట్టారు. మొదటి లోటా సంఘ పెద్దకే. అందులో వేపాకు రెమ్మ తేలింది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో తీసి, చచ్చిన పురుగును పారేసినట్టు బల్ల కిందికి విసిరి, కళ్ళు మూసుకుని గటగటా తాగాడు. తోడికోడలు రెండు లోటాలు తాగింది. నేనెన్ని తాగానో చెప్పను. మర్నాడు బడి ఊడుస్తుంటే ఆ వేపాకు రెమ్మ నా చీపురుకు తగిలింది.

అవ్వ గుమ్మం దగ్గర కూలబడి ముక్కుపొడుం పీలుస్తూ అందరినీ చూసింది.

“తాగండి తాగండి. మన్నా కావాలంటిరి గదా. తెల్లగా లేదని వంక పెట్టమాకండి.”

ఇంతవరకూ దేవుడు తన పని చక్కగా చేశాడు. తర్వాతిది మనుషుల పని.

ఆ నెల పాస్టరు గారు వచ్చారు. నాకంటే ఏడాదో రెండేళ్ళో పెద్ద. క్రైస్తవ వేదాంత పాఠశాల నుంచి కొత్తగా దిగినవాడు. తెల్లబట్టలు, చేతిలో రొట్టె పెట్టుకున్న టిఫిన్ క్యారియరు. ముత్తుకూరు దాకా బస్సు, కాలువ మీద పడవ, తర్వాత గట్టు మీద నడక. ఎప్పుడూ దారిలో పడిన కష్టంతోనే మొదలుపెట్టేవాడు. ఆ రోజు కూడా, “రొట్టె కాస్త గట్టిపడింది, ఏమీ అనుకోవద్దు. శనివారం తెల్లారే బయల్దేరాలి, శుక్రవారం నమాజుకని సాయిబు బట్టీ మూశాడు, గురువారమే కాల్చింది తేవలసి వచ్చింది,” అన్నాడు. మా రొట్టె ఎప్పుడూ నెల్లూరు సాయిబుదే. రొట్టె కాల్చడం మాకు తెలియదు, మాది అన్నం తినే దేశం. ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు. మీరు గుర్తుపెట్టుకోండి.

ప్రార్థన కాకముందే తోడికోడలు ఆయన చెవిలో ఊదేసింది. పాస్టరు ముఖం ఎర్రబడింది. ప్రార్థన కూటంలోనే విచారణ పెట్టాడు.

“ఇక్కడ విగ్రహార్పితం తిన్నారట. నిజమేనా?”

‘విగ్రహార్పితం’ అంటే దేవతకు పెట్టిన తిండి. మా పేటలో సగం మందికి ఆ మాట అర్థం కాలేదు, అర్థమైన సగం మంది తలలు దించారు. సంఘ పెద్ద గొంతు సవరించుకున్నాడు.

“అయ్యా, ఆమె తెచ్చిందయ్యా. యాడిదో ఏందో మాకేం తెలుసు? ప్రార్థనలో ఉన్నాం, కళ్ళు మూసుకోనుంటిమి.”

“కళ్ళు మూసుకున్నావు గానీ నోరు మూసుకోలా,” అంది అవ్వ.

పాస్టరు ఆమె వైపు తిరిగాడు. “అవ్వా, అది గంగమ్మకు పోసిన అంబలేనా?”

“గంగమ్మకి పోస్తే గంగమ్మ తాగిందా నాయనా? పట్టపోళ్ళ ఆడోళ్ళు పోసినారు. నా కత వాళ్ళకి తెలుసు. పిల్లోళ్ళు పస్తులుండారని చెప్పినా, కుండెడు పోసినారు.”

“అయినా అన్యదేవత పేర పోసింది తేవచ్చా?”

ఇక్కడ నేను లేచి ఒక మాట అన్నాను. “పాస్టరు గారూ, కాకి ప్రవక్తకు రొట్టె తెచ్చింది కదా, అది ఎవరి గుడి ముందు ఎత్తుకొచ్చిందో ఆయన అడిగాడా?” గది దద్దరిల్లింది.

ఈ మాట నేనన్నట్టు నెల్లూరులో, సూళ్ళూరుపేటలో, పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో చెప్పుకున్నాను. అన్నది అవ్వ. నేను నా కాలి బొటనవేలు చూసుకుంటూ ఉన్నాను. నేను నిజంగా కనిపెట్టిన ప్రశ్న ఒకటుంది. అల్లా పేరు తలుచుకుని సాయిబు కాల్చిన రొట్టె ప్రభువు బల్లకు పనికొస్తే, గంగమ్మ పేర కాచిన అంబలి ఆకలి కడుపుకు ఎందుకు పనికిరాదు? బ్రహ్మాండమైన ప్రశ్న. కానీ అది ఇంటికెళ్ళి చాప మీద పడుకున్నాక తట్టింది. నా మంచి ప్రశ్నలన్నీ పడుకున్నాకే తడతాయి. దాన్ని దిండుకు వినిపించాను. దిండు ఒప్పుకుంది.

తీర్పు వచ్చింది. తెలియక తాగినవాళ్ళకు క్షమాపణ. తెలిసి తెచ్చిన అవ్వ బల్లకు దూరం. ఆమె కూటంలో నిలబడి, ‘నేను తెచ్చింది సైతాను ఆహారం’ అని ఒప్పుకుంటే మళ్ళీ చేర్చుకుంటారు.

“అట్ట చెప్పను,” అంది అవ్వ.

“చిన్న మాటే కదా అవ్వా,” అన్నాడు పాస్టరు.

“పిల్లోళ్ళ కడుపులో పడింది. దాన్ని సైతానుది అంటే నా నోట్లో పురుగులు పడతాయి. ఏడ్చి ప్రార్థన చేస్తిమి, తిండి వచ్చె. పంపినోడికి తెలీదా యాడ నించి పంపతాండాడో?”

ఆ రోజు నుంచీ ఆమె గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన కూర్చునేది. ఒక్క ఆదివారం కూడా మానలేదు. రొట్టె పళ్ళెం వరుసలన్నీ తిరిగి, ఆమె ముందుకు రాగానే వెనక్కి మళ్ళేది. తోడికోడలు ముందు నుంచి తిరిగి చూసేది. ఇప్పుడా చూపులో తీపి కూడా చేరింది.

అవ్వకు బల్ల మీద ఉన్న ఆశ తోడికోడలి చూపు వల్లేనని నేను అనుకునేవాణ్ణి. మనుషుల గురించి నీచంగా అనుకుంటే సాధారణంగా పొరబడేవాణ్ణి కాదు. ఒకనాడు వర్షంలో బడి అరుగు మీద గంప దించుకుని కూర్చుంటే అడిగాను. “ఎందుకవ్వా అంత పాకులాట? గోరంత ముక్క. నమిలితే పళ్ళ సందులోకే చాలదు.”

“నీకు తెలీదులే అయివోరా. నువ్వు పుట్టినకాడ నించి తింటా ఉండావు,” అంది. “మా పెళ్ళయిన కొత్తల్లో నేనూ మా మామా ఊళ్ళో ఎవురింటికి పోయినా బయటే పోసేవోళ్ళు కూడు, ఎత్తి పైనించి. దోసిట్లోకి. ఈడ మొదుటిసారి పళ్ళెం నా ముందర పెట్టి, నువ్వే తీసుకో అన్నారు. నా చేత్తో నేనే తీసుకున్నా. ఆ ముక్క పడితేనే నాకు నెలంతా గంప మోయబుద్దవుద్ది. లేకుంటే ఎండుచేపలు మోసే గాడిదకీ నాకూ తేడా ఏముండాది?”

అంత మాట అన్నాక కూడా నేను చేసిందేమీ లేదు. చెడ్డవాణ్ణి కాను, ఉద్యోగస్తుణ్ణి.

చలి మొదలయ్యాక పాస్టరు గారికి ఓపిక నశించింది. ఎవరో పైవాళ్ళు అడిగి ఉంటారు. ఆ నెల బల్ల పంచేముందు నిలబడి చెప్పాడు. ఈ రోజు ఈ సంగతి తేల్చేస్తాను, ఒప్పుకోలు చెప్పకపోతే అవ్వను సంఘం నుంచే వెలివేస్తాను అన్నాడు. వెలి అంటే బల్ల ఒక్కటే కాదు, చచ్చాక మట్టి వెయ్యడానికి కూడా ఎవరూ రారు. అవ్వ గుమ్మం దగ్గర పొడుం డబ్బీ తీసి, పీల్చకుండానే మళ్ళీ చెంగున కట్టుకుంది.

దానికి ముందు పాస్టరు చేసిన ప్రసంగం ఎంత పొడుగంటే, మధ్యలో రెండు కుక్కలు గదిలోకి వచ్చి విని విసిగి వెళ్ళిపోయాయి. వెలి మాట చెప్పాక, న్యాయం సంపూర్ణంగా ఉండాలని కాబోలు, ఒక మాట అదనంగా అడిగాడు.

“ఈమె కాక, అది గంగమ్మ అంబలి అని తెలిసి తాగినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే లేచి నిలబడండి.”

ఎవరూ లేవరని ఆయనకు తెలుసు. మాకూ తెలుసు.

నేను లేచి నిలబడ్డాను.

పాస్టరు నోరు తెరుచుకుంది. నేను గోడ పట్టుకుని, పళ్ళు బిగించి, కన్నీళ్ళు కారుస్తూ నిలబడ్డాను. నా ముఖంలో బాధ చూసి నిజంగానే పశ్చాత్తాపం అనుకున్నారు. మరుక్షణం సంఘ పెద్ద భార్య లేచింది.

“పసుపు తుడిచింది నేనేనయ్యా,” అంది. “నా పైటకొంగుకి ఇంకా పోలా. సూడండి.”

మొగుడు చెయ్యి పట్టి లాగాడు. “కూసోవే, నీకేం తెలుసు!”

“నీకు తెలీదా? ఏపాకు తీసి బల్ల కింద యేసింది ఎవురో?”

ఎవరో పిల్లవాడు కిసుక్కుమన్నాడు. ఆ నవ్వుతో వెనక వరుస లేచింది, తర్వాత మధ్య వరుస, మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ చివరికి సంఘ పెద్ద. తోడికోడలు ఒక్కతే కూర్చుని ఉంది, నిటారుగా, ఒళ్ళో చేతులు పెట్టుకుని.

పాస్టరు చట్టం పాస్టరు మెడకే చుట్టుకుంది. ఆ లెక్కన ఆ రోజు రొట్టె తినడానికి అర్హురాలు తోడికోడలు ఒక్కతే. పళ్ళెం నిండా గట్టిపడిన సాయిబు రొట్టె. ఆయన పళ్ళేన్ని చూశాడు, ఆమెను చూశాడు, మమ్మల్ని చూశాడు. చెమట తుడుచుకుని, “కూర్చోండి,” అన్నాడు. క్షమించాననీ అనలేదు, తప్పనీ అనలేదు. ప్రార్థన చేసి, రొట్టె విరిచి, పళ్ళెం తీసుకుని నేరుగా గుమ్మం దగ్గరికి నడిచాడు. గాలి కోసం వెళ్ళాడని నా అనుమానం. మంచితనం అని మీరు అనుకుంటే మీ ఇష్టం, నేను మాత్రం ఆ బిరుదు ఇవ్వను.

పళ్ళెం అవ్వ ముందు పెట్టాడు. అవ్వ చెయ్యి పైటకు తుడుచుకుంది. గుప్పెడు తీసుకుంది. ఇన్ని నెలలుగా తప్పిపోయినవన్నీ కలిపి తీసుకుంది. పళ్ళెం ముందుకు వచ్చేసరికి ఖాళీ. తోడికోడలికి ఆ నెల రొట్టె లేదు.

గుప్పెడు అన్నది నా చేతివాటం. అవ్వ రెండు ముక్కలు తీసుకుంది, ఒకటి నోట్లో, ఒకటి చెంగు ముడిలో. తోడికోడలికి ముక్క అందింది, అందరికంటే చిన్నది. దాన్ని నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. వెనక్కి తిరగలేదు.

కూటం అయ్యాక అందరూ నా భుజం తట్టారు. నా ధైర్యం పేటలో చాలాకాలం బతికింది. నేనూ దానికి నీళ్ళు పోసి పెంచాను. ఎంత పెంచానంటే, కొన్నేళ్ళకు నేనే దాని నీడన కూర్చోవడం మొదలుపెట్టాను.

అందరూ వెళ్ళాక అవ్వ గంప ఎత్తుకోవడానికి సాయం పట్టమని పిలిచింది. కుంటుకుంటూ వెళ్ళాను. గంప నెత్తిన సర్దుకుని, నా కాళ్ళ వైపు చూసి, పొడుం రంగు పళ్ళు బయటపెట్టింది.

“తిమ్మిరి ఇడిసిందా అయివోరా?”

నేను కాలు మార్చి నిలబడ్డాను.

“ఆ పొడుగు ప్రసంగానికి మఠమేసుకోని కూసుంటే ఎవురి కాలైనా చచ్చుబడుద్ది,” అంది. “గుమ్మంకాడ నించి చూస్తానే ఉన్నా. కాలు పీక్కుంటా పీక్కుంటా, సరిగ్గా ఆయన అడిగేతలికి లేచినావు.”

“ఎవరికీ చెప్పకవ్వా.”

“నేనెందుకు చెప్తా,” అంది, గట్టు మీదికి అడుగేస్తూ. “అంబలి యాడిదని మీరు అడిగితిరా?”